సరిహద్దు దాటితే మారే మర్యాదలు: ప్రయాణికుడు ఎంతవరకు మారాలి?

దూరతీరం (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులకు నమస్కారం. ఉద్యోగరీత్యా కొన్ని దేశాలలో నెలల తరబడి ఉండవలసిన అవకాశం త్వరలో రాబోతున్నది. టికెట్లు, వీసాలు, బస వంటి వాటి గురించి నాకు బెంగ లేదు. బెంగంతా మనుషులతో మసలుకోవడం గురించే. ఏ మార్గదర్శిని తెరిచినా చేయవలసినవి, చేయకూడనివి అంటూ పొడవాటి పట్టికలే కనిపిస్తున్నాయి. జపాన్‌లో టిప్పు ఇవ్వబోతే ఎదుటివారు ఇబ్బందిపడతారట, అమెరికాలో ఇవ్వకపోతే నొచ్చుకుంటారట. బల్గేరియాలో తల నిలువుగా ఆడిస్తే కాదని, అడ్డంగా ఊపితే ఔనని అర్థమట. థాయిలాండ్‌లో ఎవరి తలనూ తాకరాదు, ఎవరివైపూ పాదాలు చాపరాదు. ఇవన్నీ నిజమే కావచ్చు గాని, వరసగా చదువుతూ పోతే భయం పెరుగుతున్నదే తప్ప అవగాహన పెరగడం లేదు.

అందుకే రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. ఈ తేడాలన్నిటి వెనుక పట్టుకోదగిన సూత్రం ఏదైనా ఉన్నదా, లేక ఒక్కొక్కటీ బట్టీ పట్టవలసిందేనా? పరాయి దేశానికి వెళ్ళిన మనిషి అక్కడివారి మర్యాదను ఎంతవరకు అనుకరించాలి, ఎక్కడ ఆగాలి? అనుభవం ఉన్నవారు, ఈ విషయం చదువుకున్నవారు తీరికగా రాస్తే సంతోషిస్తాను.

భాషాసక్త

దూరతీరం గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు వెదికినవారు చాలామందే ఉన్నారు. నలుగురిలో మనిషి నిలబెట్టుకోవాలనుకునే పరువు గురించి ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1955లో ఒక వ్యాసం రాశారు. దానిని ఆధారం చేసుకొని పెనెలోపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ 1978లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. నలుగురూ తనను మెచ్చాలి, తమలో ఒకరిగా కలుపుకోవాలి అన్నది మనిషికి ఒక కోరిక అనీ, తన దారికి ఎవరూ అడ్డు రాకూడదు, తనను ఎవరూ ఒత్తిడి చేయకూడదు అన్నది మరొక కోరిక అనీ వారు చెప్పారు. చొరవగా మాట కలపడం, కుశలం అడగడం, ఉన్నది పంచుకోవడం మొదటి కోరికను తీర్చే మర్యాదలు. వీలైతేనే చేయమని అడగడం, దూరంగా నిలబడడం, సొంత విషయాలు తవ్వకపోవడం రెండో కోరికను కాపాడే మర్యాదలు. ఈ రెండూ లేని సమాజం లేదు గాని, ఎక్కడ ఏది బరువు తూగుతుందన్నది మారుతూ ఉంటుంది.

ఈ కొలత చేతిలో ఉంటే మీ పట్టికలో సగం చిక్కుముళ్ళు వాటంతటవే విడిపోతాయి. ఫిన్లాండ్‌లో బస్సు కోసం ఎదురుచూసే మనుషులు ఒకరికొకరు బాగా ఎడంగా నిలబడి, ఒక్క మాటైనా మాట్లాడకుండా ఉంటే, అది ముభావం కాదు. పక్కవాడి ప్రశాంతతకు వారు ఇచ్చే మన్నన అది. బ్రెజిల్‌లో అప్పుడే పరిచయమైన మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ మోచేయి తాకితే, అది అతిచనువు కాదు. మిమ్మల్ని పరాయివారిగా చూడడం లేదని చెప్పే పద్ధతి అది. ఇద్దరూ మర్యాదే చేస్తున్నారు, కాపాడుతున్నది మాత్రం వేరువేరు కోరికలను.

అయితే ఈ సిద్ధాంతాన్ని వేదవాక్యంగా తీసుకోవద్దు. 1980ల చివరిలో యోషికో మట్సుమోటో, సచికో ఇదే వంటి జపాన్ భాషావేత్తలు దీనిని గట్టిగా తప్పుపట్టారు. తమ సమాజంలో మర్యాద అనేది ఎవరికి వారు లెక్క వేసుకొని వాడే ఎత్తుగడ కాదని, ఆ చోట తన స్థానమేదో ఎరిగి దానికి తగినట్టు ఒదిగి ఉండడమని వారి అభ్యంతరం. ఆ అభ్యంతరం సబబైనదే అని నా అభిప్రాయం.

నిక్కచ్చి

పండితుల మాటలు వినడానికి బాగానే ఉన్నాయి గాని, ఇంత బరువు అవసరమా అన్నది నా సందేహం. మనసులో కల్మషం లేని మనిషిని ఏ దేశంవారైనా గుర్తిస్తారు. భాష రాకపోయినా ఒక చిరునవ్వు నవ్వితే ప్రపంచంలో ఎక్కడైనా పని జరుగుతుంది. పరాయి ఊళ్ళో అడుగుపెట్టిన ప్రతిసారీ వేషం మార్చుకోవడం నటన అవుతుందే గాని మర్యాద కాదు.

వలసపక్షి

నిక్కచ్చి గారూ, మీరు ఎంచుకున్న ఉదాహరణే మీ వాదానికి ఎదురు తిరుగుతుంది. చిరునవ్వు అన్ని చోట్లా చెల్లే నాణెం కాదు. రష్యాలో చాలాకాలం ఉన్నాను. అక్కడ ముక్కూముఖం తెలియని మనిషిని చూసి నవ్వితే, ఈయన నన్ను ఎక్కడ చూశాడు, లేక నా ముఖాన ఏమైనా అంటుకున్నదా అని అనుమానపడతారు. నవ్వు స్నేహితులకు, ఇంటివారికి దాచుకున్న వస్తువు. కారణం లేకుండా దానిని పంచిపెట్టేవాడు నిజాయితీపరుడిలా కనిపించడు. 1990 జనవరి 31న మాస్కోలో మొదటి మెక్‌డొనాల్డ్స్ తెరిచినప్పుడు పనివారికి నవ్వడం ప్రత్యేకంగా నేర్పవలసి వచ్చింది. 2018లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరిగినప్పుడు కూడా, విదేశీయులు చిన్నబుచ్చుకోకుండా ఉండడానికి రైల్వే సిబ్బందికి అటువంటి శిక్షణే ఇచ్చారు.

దీనిమీద పరిశోధనలు కూడా జరిగాయి. 44 సమాజాలలో చేసి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, నవ్వే ముఖాన్ని చాలాచోట్ల మంచితనానికి గుర్తుగా తీసుకుంటారు గాని, జపాన్, ఇరాన్ వంటి కొన్ని దేశాలలో తెలివితక్కువతనానికి గుర్తుగా తీసుకుంటారు. అవినీతి ఎక్కువగా ఉన్న సమాజాలలో నవ్వును నమ్మడం కూడా తక్కువేనని అదే అధ్యయనంలో తేలింది. 2015లో వచ్చిన మరొక పరిశోధన ఇంకా ఆసక్తికరమైనది. గత 500 సంవత్సరాలలో ఎన్నో దేశాలనుంచి జనం వలస వచ్చి స్థిరపడిన చోట్ల మనుషులు భావాలను బాహాటంగా ముఖం మీద చూపుతారని ఆ పరిశోధకులు గమనించారు. ఒకరి భాష ఒకరికి తెలియని పొరుగువారు కలిసి బతకవలసి వచ్చినప్పుడు, నావల్ల నీకు హాని లేదని ముఖంతోనే చెప్పవలసి వస్తుంది కదా. అమెరికా నవ్వుకు, రష్యా గాంభీర్యానికి మధ్య తేడాలో స్వభావం కన్నా చరిత్రకే ఎక్కువ వాటా ఉన్నదని నాకు అనిపిస్తుంది.

బృందంతో

యాత్రాబృందాలను వెంట తీసుకొని వెళ్ళడం నా వృత్తి. ఫ్రాన్స్‌లో దుకాణదారులు పొగరుబోతులన్న ఫిర్యాదు నేను విన్నన్నిసార్లు మరే ఫిర్యాదూ వినలేదు. ఒక్కసారి గుమ్మం దగ్గర నిలబడి గమనిస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఉదయం రొట్టెల దుకాణం. లోపల నలుగురు వరుసలో ఉన్నారు. తలుపు తోసుకొని వచ్చిన స్థానిక ముసలాయన ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా, గదినంతటినీ ఉద్దేశించి "బోన్‌జూర్" అని, వరుసలో చివరన నిలబడ్డాడు. ఇద్దరు ముగ్గురు సన్నగా బదులు పలికారు. ఆయన వెనకే వచ్చిన యాత్రికుడు, పాపం, ఎంతో వినయంగా నవ్వుతూ, వేలితో రొట్టె చూపించి, అది ఎంత అని ఇంగ్లీషులో అడిగాడు. అమ్ముతున్నావిడ ముఖం బిగుసుకున్నది. ఆమె పనిగట్టుకొని స్పష్టంగా "బోన్‌జూర్ మొస్యూ" అని, జవాబు వచ్చేవరకు ఆగింది. ఆయనకు అది అహంకారంగా తోచింది. ఆమెకు మాత్రం, తన గదిలోకి వచ్చి తనను మనిషిగా గుర్తించకుండా సరుకు అడిగినవాడే అహంకారి.

అక్కడ దుకాణం అంటే అమ్మేవారి ఇంటి ముందుగది వంటిది. అడుగు పెట్టగానే పలకరించాలి, వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళాలి. 2013లో నీస్ నగరంలో ఒక కాఫీహోటలు యజమాని సరదాకు పెట్టిన ధరల పట్టిక వార్తలలోకి ఎక్కింది. "ఒక కాఫీ" అని అడిగితే 7 యూరోలు, "దయచేసి ఒక కాఫీ" అంటే 4.25, ముందుగా పలకరించి ఆ తరువాత దయచేసి అంటే 1.40 యూరోలు. వేళాకోళమే గాని, దేనికి ఎంత విలువో దానిలో తెలిసిపోతుంది. నా బృందాలకు ఫ్రాన్స్ గురించి ఇంకేమీ చెప్పకపోయినా ఈ ఒక్క పలకరింపు మాత్రం తప్పకుండా చెబుతాను. మిగిలిన ప్రయాణమంతా దానితోనే సాఫీగా సాగిపోతుంది.

కొత్తసభ్యుడు

పెద్దల మధ్య చిన్న సందేహం. ఎక్కడ ఏది మారినా, కృతజ్ఞత చెప్పడం మాత్రం అన్ని చోట్లా ఒకటే కదా? ప్రతి చిన్న సాయానికీ ధన్యవాదాలు చెబుతూ పోతే తప్పేమీ ఉండదనుకుంటాను.

భాషాసక్త

తప్పు ఉండదు గాని, కొన్నిచోట్ల వింతగా ఉంటుంది. ఐదు ఖండాలలోని ఎనిమిది భాషల వారు ఇంట్లోనూ ఇరుగుపొరుగుతోనూ మాట్లాడుకునే మాటలను రికార్డు చేసి పరిశీలించిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. ఉప్పు అందించు, తలుపు వేయి వంటి వెయ్యికి పైగా సందర్భాలలో, అడిగిన పని జరిగిన తరువాత నోటితో కృతజ్ఞత చెప్పినది సగటున ఇరవైలో ఒక్కసారి మాత్రమే. ఇంగ్లీషు, ఇటాలియన్ మాట్లాడేవారు మిగిలినవారికంటే ఎక్కువగా చెప్పారు, అయినా అది సుమారు ఏడింట ఒక వంతే. ఈక్వడార్‌లోని చాపలా భాషలో ఆ మాట చెప్పే వాడుకే లేదు. అంతమాత్రాన వారు కృతఘ్నులని కాదు. అడిగితే చేయడం సహజమనే నమ్మకం ఉన్నచోట దానికి ప్రత్యేకంగా రసీదు ఇవ్వనక్కరలేదు. చైనాలోనూ కుటుంబంలో, దగ్గరి స్నేహితులలో పదేపదే కృతజ్ఞత చెబితే, నన్ను దూరం పెడుతున్నావా అన్నట్టు చూస్తారు. అపరిచితుల మధ్య సంగతి వేరు, అక్కడ చెప్పవలసిందే. కనుక ఎన్నిసార్లు చెబుతున్నారన్నది కాకుండా, ఎంత దూరపువారికి చెబుతున్నారన్నది గమనించండి.

రైలుబండి

జపాన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఒక దేశపు మర్యాద అని మనం అనుకునేది తరచుగా ఒక నగరపు మర్యాద మాత్రమే అన్నది నా అనుభవం. టోక్యోలో ఎస్కలేటర్ మీద ఎడమవైపు నిలబడి, తొందరలో ఉన్నవారికి కుడివైపు వదిలేస్తారు. రైలెక్కి ఒసాకాలో దిగితే సరిగ్గా దీనికి తలకిందులుగా కుడివైపు నిలబడతారు. లండన్‌లో కూడా కుడివైపే. ఇది ఇక్కడితో ఆగలేదు. నడవడం ప్రమాదమని, అందరూ రెండువైపులా కదలకుండా నిలబడాలని సైతామా రాష్ట్రం 2021 అక్టోబరులోనూ, నగోయా నగరం 2023 అక్టోబరులోనూ నిబంధనలు తెచ్చాయి. లండన్‌లోని హోల్బర్న్ స్టేషన్‌లో 2015 చివర ఇటువంటి ప్రయోగమే చేసి చూశారు. ఇరువైపులా నిలబడితే ఎక్కువమంది పైకి చేరతారని తేలినా, ప్రయాణికులు చాలామంది విసుక్కున్నారు. ఒకవైపు ఖాళీ వదలడమే ఎదుటివారిపట్ల గౌరవమని ఎంతోకాలంగా అలవాటైన మనిషికి, ఖాళీ వదలకుండా నిలబడడమే ఇకపై సభ్యత అంటే అంత సులభంగా మింగుడుపడదు.

ఈ చిక్కులో విదేశీయుడు చేయగలిగినది ఒక్కటే. ముందున్న మనిషి ఏవైపు నిలబడితే ఆవైపు నిలబడడం. పుస్తకం పదేళ్ళ కిందటిది కావచ్చు, ముందున్న మనిషి మాత్రం ఈరోజు మనిషి.

అన్నట్టు, రైలు పెట్టెలలో ఫోనులో మాట్లాడకూడదన్న నియమాన్ని ఇక్కడ అందరూ పాటిస్తారు. కిక్కిరిసిన పెట్టెలో భుజాలు ఒరుసుకుంటున్నా ఎవరూ ఏమీ అనుకోరు, ఒక్క గొంతు పెద్దదైతే మాత్రం అందరి చూపులూ అటు తిరుగుతాయి. భాషాసక్త గారు చెప్పిన అడ్డురాకుండా ఉండే మర్యాద అన్నది ఒంటికి తగిలే దూరంలో కాక చెవికి తగిలే శబ్దంలో కొలవబడే చోటు ఇది.

మరుభూమి

ఇరాన్ గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తాను. టెహ్రాన్‌లో టాక్సీ దిగి ఎంత ఇమ్మంటారని అడిగితే డ్రైవరు గుండెమీద చెయ్యి వేసుకొని, మీవంటివారి దగ్గర పుచ్చుకునేంతటిది కాదంటాడు. ప్రయాణికుడు మళ్ళీ అడుగుతాడు. డ్రైవరు తల పక్కకు వాల్చి, మీరు నా అతిథి అంటాడు. ప్రయాణికుడు నోట్లు బయటికి తీసి, ఉండబట్టలేనట్టు మూడోసారి బతిమాలుతాడు. అప్పుడు డ్రైవరు మొహమాటపడుతూనే అణాపైసలతో సహా లెక్క చెబుతాడు. ఒకవేళ మొదటి మాటకే సంతోషించి, కృతజ్ఞతలు చెప్పి దిగి వెళ్ళిపోతే, ఆ మనిషి వెనక పరుగెత్తుకు రావలసిన దుస్థితిలోకి డ్రైవరును నెట్టినవాళ్ళవుతాం. తారోఫ్ అని పిలిచే ఈ పద్ధతి దుకాణంలో, విందులో, తలుపు దగ్గర ఎవరు ముందు నడవాలన్న విషయంలో కూడా ఉంటుంది. ఇస్తానన్నవాడు నిజంగా ఇస్తున్నాడా, మాటవరసకా అన్నది తెలుసుకోవడానికి నేను వాడే గుర్తు ఒకటుంది. మా ఇంటికి భోజనానికి రండి అన్నంతవరకే అయితే మాటవరస. గురువారం రాత్రి ఎనిమిదింటికి మా అబ్బాయిని పంపిస్తాను, హోటలు గుమ్మం దగ్గర ఉండండి అంటే నిజమైన పిలుపు.

నిక్కచ్చి

మరుభూమి గారూ, ఇదంతా అబద్ధమాడుకోవడం కాదా? ఇవ్వడం ఇష్టం లేనివాడు ఇస్తాననడం, తీసుకోవాలని లేనివాడు బతిమాలించుకోవడం. నేను కొంతకాలం నెదర్లాండ్స్‌లో ఉన్నాను. నా పని బాగాలేకపోతే బాగాలేదని సమావేశంలో అందరిముందూ చెప్పేవారు, సమావేశం ముగియగానే కలిసి కాఫీ తాగేవారు. నాకు అదే మర్యాదగా తోచింది. ముక్కుసూటి మనుషుల మధ్య నిద్ర బాగా పడుతుంది.

మరుభూమి

ఇద్దరికీ తెలిసినది అబద్ధం ఎలా అవుతుంది? డ్రైవరుకు డబ్బు వస్తుందని తెలుసు, ప్రయాణికుడికి ఇవ్వాలని తెలుసు. డబ్బు చేతులు మారేముందు ఇద్దరూ ఒకరి గౌరవాన్ని ఒకరు కాసేపు పైకెత్తి పట్టుకుంటారు, అంతే. మోసపోయేవాడు ఉంటేనే అబద్ధం.

వలసపక్షి

నిక్కచ్చి గారి నెదర్లాండ్స్ మీద ఒక మాట. ముక్కుసూటిదనం అంటే నియమాలు లేకపోవడం కాదు. అక్కడ పని గురించి ఎంత కటువుగానైనా మాట్లాడవచ్చు గాని, తాను అందరికంటే గొప్పవాడినన్నట్టు మాట్లాడితే అంగీకరించరు. సమానత్వమే అక్కడ కాపాడవలసిన వస్తువు. స్వీడన్ ఇంకొక అడుగు ముందుకు వేసింది. అక్కడ ఒకప్పుడు ఎదుటివారిని హోదాతో, ప్రథమపురుషలో సంబోధించవలసి వచ్చేది. 1967లో వైద్యశాఖ అధిపతిగా బాధ్యతలు తీసుకున్న బ్రోర్ రెక్సెద్, ఇకపై కార్యాలయంలో ప్రతి ఒక్కరినీ ఏకవచనంలోనే పిలుస్తానని ప్రకటించారు. ఆ మార్పు అప్పటికే మొదలైనా, ఆయన మాటతో ఊపందుకొని కొద్ది సంవత్సరాలలో దేశమంతా పాకింది. అదే జర్మనీకి వెళ్ళి, అడగకుండా ఏకవచనంలోకి దిగితే ముఖం మాడ్చుకుంటారు. అక్కడ వయసులోనో హోదాలోనో పెద్దవారు ముందుగా ప్రతిపాదించాలి, రెండోవారు ఒప్పుకోవాలి. దగ్గరదగ్గరగా ఉన్న దేశాలు, దాయాదుల వంటి భాషలు. అయినా ఒకచోట గౌరవమైనది మరొకచోట అగౌరవం.

చిల్లరలెక్క

టిప్పు సంగతి దూరతీరం గారు మొదట్లోనే ఎత్తారు గాని ఎవరూ పట్టించుకోలేదు. దీనిని సంస్కృతి పేరుతో మరీ అందంగా వర్ణించనవసరం లేదని, దీని మూలం జీతాల చట్టంలో ఉన్నదని నా అభిప్రాయం. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం, టిప్పులు అందుకునే పనివారికి యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు. 1991 నుంచి ఆ అంకె మారలేదు. టిప్పులతో కలిపి కనీస వేతనమైన 7.25 డాలర్లకు చేరకపోతే మాత్రం మిగిలినది యజమాని పూడ్చాలి. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలలో ఈ వెసులుబాటు లేదు, పూర్తి వేతనం ఇవ్వవలసిందే. కాని అలవాటు అక్కడ కూడా పోలేదు. అందుచేత బిల్లులో 15 నుంచి 20 శాతం వదిలివెళ్ళడం అక్కడ ఉదారత్వం కాదు, వడ్డించిన మనిషి జీతంలో మీ వాటా. జపాన్‌లో జీతం జీతమే, సేవ దానిలో భాగమే. బల్లమీద డబ్బు వదిలివస్తే, మరిచిపోయారనుకొని వీధి చివరివరకు పరుగెత్తుకొచ్చి తిరిగి ఇస్తారు.

క్షమాపణకూ ఇటువంటి చట్టం కోణం ఒకటి ఉన్నది. కెనడావారు ప్రతి చిన్నదానికీ క్షమించమంటారని లోకమంతా నవ్వుతుంది. ఆ మాటను న్యాయస్థానంలో తప్పు ఒప్పుకున్నట్టుగా తీసుకోరాదని బ్రిటిష్ కొలంబియా 2006లో, ఒంటారియో 2009లో ఏకంగా చట్టాలే చేశాయి. ప్రమాదం జరిగిన చోట నోరు విప్పితే ఎక్కడ ఇరుక్కుంటామో అని భయపడే దేశాలవారికి ఇది విచిత్రంగా ఉంటుంది.

నిర్వాహకులు

చర్చ బాగా సాగుతున్నది. ఒక చిన్న మనవి. ఒక దేశంవారు ఇటువంటివారే అని తీర్పు చెప్పే రెండు వ్యాఖ్యలను తొలగించవలసి వచ్చింది. ప్రవర్తన గురించి రాయండి, జాతి స్వభావం గురించి వద్దు.

భాషాసక్త

దూరతీరం గారి రెండో ప్రశ్న దగ్గరకు వస్తాను, ఎందుకంటే దానిని ఇంతవరకు ఎవరూ నేరుగా తాకలేదు. జెన్నీ థామస్ అనే భాషావేత్త 1983లో ఒక సంగతి ఎత్తిచూపారు. పరాయివాడు వ్యాకరణంలో తప్పు చేస్తే, వీడికి భాష సరిగా రాదు అని వదిలేస్తారు. మర్యాదలో తప్పు చేస్తే మాత్రం, వీడు మంచివాడు కాదు అనుకుంటారు. మొదటిది నేర్చుకోవడంలో లోపంగా, రెండోది గుణంలో లోపంగా కనిపిస్తుంది. దీనినుంచి ఒక విడ్డూరం పుడుతుంది. భాష తడబడుతూ మాట్లాడేవారికి సమాజం ఎంతో మినహాయింపు ఇస్తుంది, వారి పొరపాట్లను ముద్దుగా కూడా చూస్తుంది. భాష బాగా వచ్చేకొద్దీ ఆ మినహాయింపు కరిగిపోతుంది. అనర్గళంగా మాట్లాడే విదేశీయుడు ఆజ్ఞాపించినట్టు అడిగితే, తెలియక అన్నాడని ఎవరూ అనుకోరు.

అందుచేత నా సమాధానం ఇది. వారం రోజుల యాత్రికుడు అన్నీ అనుకరించనవసరం లేదు. పలకరింపు, వరుస, గొంతు స్థాయి, చెప్పులు విప్పే గుమ్మం, ఈ నాలుగూ చూసుకుంటే చాలు. జపాన్‌లో ఎంత కోణంలో వంగాలో విదేశీయుడినుంచి ఎవరూ ఆశించరు, అతిగా వంగితే ఎగతాళిలా కూడా ఉంటుంది. నెలల తరబడి ఉండేవారి సంగతి వేరు. మీరు ఆ దేశపు భాషలో నిలదొక్కుకుంటున్న కొద్దీ, మర్యాద కూడా దానితో సమానంగా నడవాలి. మాట ముందుకు పోయి మర్యాద వెనకబడితేనే పేచీలు వస్తాయి.

దూరతీరం

అందరికీ కృతజ్ఞతలు (ఇక్కడ మనం అపరిచితులమే కనుక చెప్పవచ్చుననుకుంటాను). ఇంకొక అనుమానం మిగిలింది. తెలియక చేసినదానికి ఎక్కడ నవ్వి ఊరుకుంటారు, ఎక్కడ ఊరుకోరు? ఈ హద్దు ముందుగా ఎలా తెలుస్తుంది?

బృందంతో

చట్టంగా మారిన మర్యాదల దగ్గర ఊరుకోరు. వాటిని మాత్రం బయలుదేరకముందే చదువుకోవాలి. థాయిలాండ్‌లో ఉదయం 8 గంటలకు, సాయంత్రం 6 గంటలకు స్టేషన్లలో, పార్కులలో జాతీయగీతం వినిపించగానే నడుస్తున్నవారు ఆగిపోతారు, కూర్చున్నవారు లేస్తారు. మీరూ ఆగితే సరిపోతుంది. రాజకుటుంబం గురించి తేలికగా మాట్లాడడం మాత్రం మర్యాద పరిధి దాటిన విషయం. శిక్షాస్మృతి 112వ అధికరణం కింద 3 నుంచి 15 సంవత్సరాల జైలు. క్యోటోలోని గియోన్ పేటలో గెయిషాల (సంప్రదాయ నాట్యగాన కళాకారిణుల) వెంటపడి ఫోటోలు తీసేవారి బెడద భరించలేక, 2024లో అక్కడి ప్రైవేటు సందులలోకి యాత్రికులను నిషేధించి, 10,000 యెన్‌ల జరిమానా అని బోర్డులు పెట్టారు. రోములో స్పానిష్ మెట్ల మీద కూర్చోవడం 2019 నుంచి నిషేధం. పసిఫిక్ సముద్రంలోని పలావు అనే చిన్న దీవుల దేశం 2017 చివరినుంచి మరొక దారి పట్టింది. ఆ దీవుల పిల్లలను ఉద్దేశించి, మీ ఇంటికి హాని చేయనని రాసిన ప్రతిజ్ఞను పాస్‌పోర్టులో ముద్రవేసి, వచ్చినవారిచేత సంతకం చేయిస్తుంది. చెప్పి చూసి, వినకపోతే బోర్డు పెట్టి, దానికీ వినకపోతే జరిమానా వేస్తారన్నమాట. ఎక్కడ యాత్రికుల తాకిడి ఎక్కువో అక్కడ సహనం తక్కువగా ఉంటుందని ముందే అనుకొని వెళ్ళండి.

వలసపక్షి

మర్యాద చట్టమైతే ఎంత ఇరకాటమో డెన్మార్క్‌ను చూస్తే తెలుస్తుంది. పౌరసత్వం తీసుకునే ఉత్సవంలో అధికారితో కరచాలనం చేసి తీరాలని 2018 డిసెంబరులో చట్టం చేశారు. పరాయి స్త్రీపురుషులు చేయి కలపరాదని నమ్మే మతస్థులను ఉద్దేశించి చేసిన నియమమది. 2020లో కోవిడ్ వచ్చి ఎవరూ ఎవరినీ తాకకూడని పరిస్థితి ఏర్పడేసరికి, కరచాలనం లేకుండా ఉత్సవం లేదు గనుక ఉత్సవాలనే ఆపవలసి వచ్చింది. అనుకరణ ఎక్కడ ఆగాలన్న ప్రశ్నకు నా మట్టుకు ఇక్కడే గీత. మనస్సాక్షికి అడ్డం వచ్చేదానిని ఎవరైనా వినయంగా కాదనవచ్చు. చేయి గుండెమీద ఉంచుకొని తల వంచితే చాలామంది అర్థం చేసుకుంటారు. కాదన్నందుకు కాదు, కాదన్న తీరుకే ఎక్కువమంది నొచ్చుకుంటారు.

రైలుబండి

దూరతీరం గారికి ఒక చిట్కా. ఇది తప్పా అని స్థానికులను నేరుగా అడగవద్దు. చాలాచోట్ల మిమ్మల్ని నొప్పించకూడదన్న మర్యాదతోనే, అబ్బే అదేం లేదు అంటారు. జపాన్‌లో అయితే పళ్ళసందున గాలి పీల్చి, కొంచెం కష్టమేమో అని ఆగిపోతారు. అది కాదనడమే. దానిని బేరానికి మొదలుగా తీసుకొని మళ్ళీ అడిగే విదేశీ వ్యాపారులను నా కార్యాలయంలో చూస్తూనే ఉంటాను. మీ విషయం అడగకుండా, ఇటువంటప్పుడు మీవారు ఏం చేస్తారని అడిగితే సూటిగా చెబుతారు. అంతకంటే మంచిది, ఒకరికొకరు తెలియని ఇద్దరు స్థానికులు లిఫ్టులోనో కౌంటరు దగ్గరో ఎలా మసలుకుంటున్నారో చూడడం.

దూరతీరం

నా మొదటి మజిలీ నెదర్లాండ్స్ అని ఇప్పుడే కబురు వచ్చింది. నిక్కచ్చి గారూ, ఇక మీదే బాధ్యత.

నిక్కచ్చి

సంతోషం. రెండు సంగతులు గుర్తుంచుకోండి. చెప్పాపెట్టకుండా ఎవరి ఇంటికీ వెళ్ళవద్దు. కాఫీకి పిలవడానికి కూడా డైరీ తీసి, ముందుగానే తేదీ ఖాయం చేసుకుంటారు. ఎవరైనా పుట్టినరోజుకు పిలిస్తే, గదిలో కుర్చీలు గుండ్రంగా వేసి ఉంటాయి. పుట్టినరోజు జరుపుకుంటున్నవారికి మాత్రమే శుభాకాంక్షలు చెప్పి కూర్చోకండి. వారి తల్లికి, తండ్రికి, అక్కకు, అత్తగారికి, పక్కింటాయనకు, ఇలా వరసగా ఒక్కొక్కరికీ చేయి కలిపి, మీ అబ్బాయి పుట్టినరోజుకు అభినందనలు, మీ అల్లుడి పుట్టినరోజుకు అభినందనలు అని చెబుతూ చుట్టంతా తిరిగి రావాలి. ఎందుకని నన్ను అడగవద్దు. నేను కూడా ప్రతిసారీ చుట్టంతా తిరిగేవాడిని.